పన్నెండుసార్లు అడిగింది... ఒక్కసారి అడగలేదు

నాలుగున్నర దశాబ్దాల బీబీసీ 'న్యూస్‌నైట్' చరిత్ర, వివాదాలు: అంకెల్లో

లండన్‌లో రాత్రి పదిన్నర అంటే మనకు వాళ్ల వేసవిలో తెల్లవారుజామున మూడు, చలికాలంలో నాలుగు. ఇక్కడ పాల వ్యాను ఇంకా వీధి మలుపు తిరగని ఆ వేళ అక్కడ బీబీసీ టూ ఛానల్లో 'న్యూస్‌నైట్' లైవ్ మొదలవుతుంది. తెలుగు ఇళ్లలో దాన్ని రోజూ చూసేవాళ్లు తక్కువే. కానీ ఒక మాజీ హోం మంత్రిని ఒకే ప్రశ్నతో పన్నెండుసార్లు పొడిచిన వీడియో, ఒక రాజకుమారుడు తనకు చెమట పట్టేది కాదని చెప్పుకున్న వీడియో చాలామంది ఫోన్లలోకి ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటాయి. రెండూ ఈ కార్యక్రమానివే.

న్యూస్‌నైట్ అనగానే బ్రిటన్‌లో చప్పున గుర్తొచ్చే అంకె 12. ఆ కార్యక్రమాన్ని అర్థం చేసుకోవడానికి దానికంటే పనికొచ్చే అంకె ఇంకొకటుంది: సున్నా. 2012లో ఒక మనిషి మీద ఘోరమైన ఆరోపణను ప్రసారం చేసేముందు, 'దీనికి మీరేమంటారు?' అని ఆయన్ని అడిగింది సున్నాసార్లు. ఎదుటివాళ్లను అడగడంలో పేరు మోసిన కార్యక్రమం తనను తాను అడుక్కోవలసిన ప్రశ్నల దగ్గర ఎలా తడబడిందో చెప్పే లెక్కలివి.

2 భవనాలు, 4 నెలల ఆలస్యం

1970ల చివరిదాకా బీబీసీ టెలివిజన్‌లో వార్తలు ఒక విభాగం, వర్తమాన వ్యవహారాలు మరో విభాగం. వార్తల వాళ్లు టెలివిజన్ సెంటర్లో కూర్చునేవారు. విశ్లేషణలు చేసేవాళ్లు అక్కడికి కాస్త దూరంలో లైమ్ గ్రోవ్ స్టూడియోల్లో ఉండేవారు. ఏం జరిగిందో చెప్పడం ఒకరి పని, ఎందుకు జరిగిందో చెప్పడం ఇంకొకరి పని. ఈ రెండు కొలువులూ నేరుగా చేతులు కలిపి చేసిన మొదటి కార్యక్రమం న్యూస్‌నైట్. సిబ్బంది సంఘంతో పేచీ తెగక నాలుగు నెలలు వాయిదా పడి, 1980 జనవరి 28 రాత్రి 10.45కి మొదలైంది. తర్వాతి కాలంలో పదిన్నరకు స్థిరపడింది.

తర్వాత చెప్పబోయే వివాదాలన్నింటికీ ఈ కలయికే తాళంచెవి. పేరుకు లైవ్ అయినా ఇలాంటి కార్యక్రమంలో అన్ని నిమిషాలూ లైవ్ కావు. యాంకర్ మాట, స్టూడియోలో ముఖాముఖి, విలేకరితో సంభాషణ అప్పటికప్పుడు జరిగేవి. వాటి మధ్య వచ్చే పరిశోధన కథనాలు మాత్రం రోజులు, వారాలు, ఒక్కోసారి నెలలు పట్టి తయారవుతాయి. వాటిని ఎడిటర్ చూస్తారు, అవసరమైతే లాయర్లు చూస్తారు, పైవాళ్లు చూస్తారు. ప్రేక్షకుడికి అంతా ఒకే ప్రవాహంలా కనిపిస్తుంది కాబట్టి, ఏది అప్పటికప్పుడు పలికిన మాటో, ఏది ముందే వండి పెట్టిన కథనమో తేడా తెలియదు. న్యూస్‌నైట్‌కు పేరు తెచ్చిన ఘట్టాలు ఎక్కువగా మొదటి రకంలోవి. దాని మెడకు చుట్టుకున్నవి ఎక్కువగా రెండో రకంలోవి.

74 రోజులు: 'మన సైన్యం' అనకపోతే?

మొదటి పెద్ద గొడవకు కార్యక్రమం వయసు రెండేళ్లు. 1982 ఏప్రిల్ 2న అర్జెంటీనా ఫాక్‌లాండ్స్ దీవులను ఆక్రమించింది. జూన్ 14న అక్కడి అర్జెంటీనా సేన లొంగిపోయింది. ఆ 74 రోజులూ న్యూస్‌నైట్ యాంకర్ పీటర్ స్నో ఇసుక నమూనా నేల మీద బొమ్మ ఓడలను, విమానాలను జరుపుతూ యుద్ధాన్ని వివరించేవాడు. మే నెల మొదట్లో ఒక రాత్రి ఆయన రెండు దేశాల ప్రకటనలను పక్కపక్కన పెట్టి, బ్రిటిష్ వాళ్ల మాటే నమ్మేటట్లయితే, అన్న ధోరణిలో వ్యాఖ్యానించాడు. 'మన వాళ్లు' అనలేదు, 'బ్రిటిష్ వాళ్లు' అన్నాడు.

అధికార కన్సర్వేటివ్ ఎంపీ జాన్ పేజ్ దాన్ని దాదాపు దేశద్రోహం కింద జమకట్టాడు. మే 6న ప్రధాని మార్గరెట్ థాచర్ పార్లమెంటులోనే, కొన్ని కార్యక్రమాలు దేశం వాదనను తగినంత బలంగా వినిపించడం లేదన్న ఆందోళన ఉందని అన్నారు. స్నో పలికినవి నాలుగు ముక్కలు. వాటిలో అబద్ధమేమీ లేదు. రెండు పక్షాల లెక్కలనూ సమానంగా అనుమానించడమే నేరమైంది. యుద్ధం వచ్చినప్పుడల్లా మన స్టూడియోల్లోనూ లేచే గొడవే ఇది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. మాట లైవ్‌లో అన్నారు, అన్నది అందరూ విన్నారు, మర్నాడు అందరూ వాదించుకున్నారు. లోపల దాచిందేమీ లేదు.

12 సార్లు: తర్వాతి టేపు అందక

1995 జనవరిలో ఐల్ ఆఫ్ వైట్ దీవిలోని పార్క్‌హర్స్ట్ జైలు నుంచి ముగ్గురు ఖైదీలు తప్పించుకున్నారు. జైలు గవర్నర్‌ను సస్పెండ్ చేయాలని హోం మంత్రి మైకేల్ హోవర్డ్ పట్టుబట్టారా, జైళ్ల శాఖ అధిపతి డెరెక్ లూయిస్ ఒప్పుకోకపోతే 'నీ నిర్ణయాన్ని నేను తోసిపుచ్చుతా'నని బెదిరించారా అన్నది వివాదం. అది శాఖాపరమైన చిన్న తగువు కాదు. జైళ్ల రోజువారీ నిర్వహణలో మంత్రి జోక్యం చేసుకోకూడదన్నది అప్పటి నియమం. జోక్యం చేసుకుంటే, తప్పుకు బాధ్యత కూడా మంత్రిదే అవుతుంది. ఆ ఏడాది అక్టోబరులో లూయిస్ ఉద్యోగం పోయింది, మంత్రి పదవి నిలిచింది.

1997 మే 13 నాటికి కన్సర్వేటివ్‌లు ఎన్నికల్లో చిత్తుగా ఓడిపోయి, పార్టీ నాయకత్వం కోసం పోటీ పడుతున్నారు. హోవర్డ్ ఆ పోటీలో ఉన్నారు. న్యూస్‌నైట్‌లో యాంకర్ జెరెమీ పాక్స్‌మన్ అడిగింది ఒక్కటే: ఆయన్ని తోసిపుచ్చుతానని బెదిరించారా? హోవర్డ్ తనకున్న అధికారాల గురించి చెప్పారు, లూయిస్‌కు ఆదేశాలివ్వలేదని చెప్పారు. అవును, కాదు అన్న రెండు మాటల్లో ఏదీ చెప్పలేదు. పాక్స్‌మన్ మళ్లీ అడిగాడు. మళ్లీ. వరసగా పన్నెండుసార్లు.

ఆ పట్టుదలకు ఒక కారణాన్ని పాక్స్‌మన్ తర్వాత తనే బయటపెట్టాడు. తర్వాత వేయాల్సిన టేపు సిద్ధం కాలేదని కంట్రోల్ రూమ్ నుంచి చెవిలో చెప్పారట. ఎలాగోలా సమయం నింపాలి. వేరే ప్రశ్న తట్టలేదు, అదే ప్రశ్న వేశాడు. బ్రిటిష్ టెలివిజన్‌లో అత్యంత ప్రసిద్ధమైన ముఖాముఖి వెనక సగం పాత్రికేయ పంతం, సగం ఆలస్యమైన టేపు. లైవ్ కార్యక్రమాలు నడిపే ఏ డెస్కు వాళ్లను కదిపినా ఇలాంటి కథలు దొరుకుతాయి.

ఫలితం? జూన్ 10న జరిగిన మొదటి రౌండులో 164 మంది ఎంపీలు ఓటు వేశారు. హోవర్డ్‌కు వచ్చినవి 23. ఐదుగురిలో ఐదో స్థానం. ఒక్క ఇంటర్వ్యూ వల్లే ఓడారని అనడం అతిశయోక్తి అవుతుంది. ఆయన కిందే పనిచేసిన మంత్రి ఆన్ విడికోంబ్ బహిరంగంగా ఎదురు తిరగడం కూడా దెబ్బ తీసింది. కానీ ఆ రాత్రి తర్వాత ఆయన పేరు వెంట ఆ ప్రశ్న నీడలా నడిచింది. 2014 జూన్ 18న పాక్స్‌మన్ చివరి న్యూస్‌నైట్‌లో హోవర్డ్ కనిపించి, లేదు జెరెమీ, కావాలంటే ఇంకో పదకొండుసార్లు అడుక్కో, అన్నట్టుగా చమత్కరించారు. పదిహేడేళ్లయినా ఆ ప్రశ్న వదల్లేదు, జవాబూ నవ్వుతూనే వచ్చింది.

450 మంది: తెరమీదికి రాని కథ

2011 అక్టోబరు 29న జిమ్మీ సావిల్ చనిపోయాడు. దశాబ్దాలపాటు బీబీసీ తెర మీద వెలిగిన వినోద తార. పిల్లల కోరికలు తీర్చే కార్యక్రమం నడిపాడు, ఆసుపత్రుల కోసం విరాళాలు పోగు చేశాడు, 'సర్' బిరుదు పొందాడు. ఆ వెంటనే న్యూస్‌నైట్ విలేకరి లిజ్ మెక్‌కీన్, నిర్మాత మెయిరియన్ జోన్స్ ఒక కథనం మీద పని మొదలుపెట్టారు. సర్రేలోని డంక్రాఫ్ట్ బాలికల వసతి పాఠశాలలో సావిల్ మైనర్ బాలికల మీద లైంగిక దాడులు చేశాడన్నది దాని సారం. జోన్స్‌కు ఆ చోటు కొత్త కాదు. ఆయన మేనత్తే ఒకప్పుడు అక్కడ ప్రధానోపాధ్యాయురాలు. అప్పటి బాలిక ఒకరు కెమెరా ముందు మాట్లాడారు.

ఎడిటర్ పీటర్ రిప్పన్ మొదట ఊ అన్నారు. తర్వాత వెనక్కి తగ్గారు. మన దగ్గరున్న ఆధారాలు ఆ ఆడవాళ్లు, ఒక పరోక్ష సమాచారం మాత్రమే కదా అన్నట్టు ఒక ఈమెయిల్లో రాశారు. సావిల్ మీద పోలీసు కేసు ఆయన వయసు కారణంగా కాదు, ఆధారాల్లేకే ఆగిందని ప్రాసిక్యూషన్ వర్గాలు చెప్పాక డిసెంబరులో కథనాన్ని పక్కన పెట్టారు. ఆ నెలలోనే, క్రిస్మస్ సీజన్లో, బీబీసీ సావిల్‌కు నివాళి కార్యక్రమాలు ప్రసారం చేసింది.

పది నెలల తర్వాత, 2012 అక్టోబరు 3న, పోటీ సంస్థ ఐటీవీ ఆ కథను డాక్యుమెంటరీగా వేసింది. ఆ తర్వాత తెరుచుకున్న తలుపులు మూతపడలేదు. 2013 జనవరిలో పోలీసులు విడుదల చేసిన నివేదిక ప్రకారం సావిల్ గురించి ముందుకు వచ్చి చెప్పినవారు 450 మంది. నమోదైన నేరాలు 214. కాలం 1955 నుంచి 2009 దాకా. 2016లో డేమ్ జానెట్ స్మిత్ విచారణ, బీబీసీ పనులతో ముడిపడిన బాధితులే 72 మంది అని తేల్చింది.

'ఆ ఆడవాళ్లు మాత్రమే' అన్న మాటను ఈ అంకెల పక్కన పెట్టి చదవాలి. మామూలుగా విలేకరులు అధికారిక ధ్రువీకరణ కోసం చూస్తారు. ఎఫ్ఐఆర్ ఉందా, ఛార్జిషీటు ఉందా అని అడగడం మన డెస్కుల్లోనూ అలవాటే. ఆ జాగ్రత్త చాలాసార్లు మంచిదే. కానీ వ్యవస్థే వినని కేసుల్లో, వ్యవస్థ సంతకం కోసం ఎదురుచూడటం అంటే వినకపోవడాన్ని ఇంకోసారి చేయడమే. 2012 డిసెంబరులో వచ్చిన నిక్ పొలార్డ్ సమీక్ష, రిప్పన్ నిర్ణయం తప్పేగానీ సదుద్దేశంతోనే తీసుకున్నారని, పైనుంచి ఒత్తిడి వచ్చిందనడానికి ఆధారం లేదని చెప్పింది. బయటపడ్డాక దాన్ని సంస్థ ఎదుర్కొన్న తీరులో గందరగోళమే రాజ్యమేలిందని కూడా చెప్పింది.

8 రోజులు: చూపించని ఫొటో, చేయని ఫోన్

మొదటి తప్పు, చెప్పాల్సింది చెప్పకపోవడం. రెండో తప్పు దాని కడుపునే పుట్టింది. సావిల్ వివాదంలో చిక్కుకున్న పెద్దలు, ఆ అంశానికి సంబంధించిన నిర్ణయాల నుంచి తప్పుకున్నారు. రిప్పన్ అక్టోబరు 22న పక్కకు జరిగారు. ఎవరు ఎవరికి చెప్పాలి, చివరి మాట ఎవరిది అన్న వరస చెదిరిపోయింది. 'మళ్లీ దాచారు' అన్న మాట పడకూడదన్న ఆత్రం లోపలున్న వాళ్లను తరిమి ఉంటుందని ఊహించడం కష్టం కాదు.

నవంబరు 2, శుక్రవారం. ఒక పరిశోధన బృందంతో కలిసి చేసిన కథనాన్ని న్యూస్‌నైట్ ప్రసారం చేసింది. 1970, 80లలో వేల్స్‌లోని రెక్సమ్ దగ్గరి బ్రిన్ ఎస్టిన్ బాలల గృహంలో తనపై అత్యాచారం చేసినవారిలో థాచర్ కాలపు కన్సర్వేటివ్ ప్రముఖుడు ఒకరున్నారని ఒక బాధితుడు చెప్పాడు. కార్యక్రమం పేరు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా రాలేదు. ట్విటర్‌లో గంటల్లోనే ఒక పేరు తిరగడం మొదలైంది: ఆ పార్టీ మాజీ కోశాధికారి లార్డ్ మెకల్పైన్.

ఆయనకు ఆ నేరంతో ఏ సంబంధమూ లేదు. పొరపాటు బయటపడ్డాక ఆ బాధితుడికి మెకల్పైన్ ఫొటో చూపిస్తే, ఈయన కాదు అని వెంటనే చెప్పి క్షమాపణ కోరాడు. ఆ ఫొటో ప్రసారానికి ముందు ఎవరూ చూపించలేదు. ఇటు మెకల్పైన్‌కు ఫోన్ చేసి వివరణా అడగలేదు. మన న్యూస్‌రూముల్లో దీన్ని 'వెర్షన్ తీసుకోవడం' అంటారు. ట్రైనీ విలేకరికి మొదటి వారంలో నేర్పే పాఠం. పేరు చెప్పడం లేదు కదా, వెర్షన్ ఎందుకన్నది తప్పించుకునే దారి. కానీ గుర్తుపట్టేంత ఆనవాళ్లు ఇచ్చి పేరు దాచడమంటే ఊరంతటికీ పొడుపుకథ వేయడమే. జనం విప్పుతారు, తప్పుగానైనా విప్పుతారు. సంస్థ తరఫున కెన్ మెక్వారీ జరిపిన విచారణ కూడా ఇదే తేల్చింది: ప్రాథమిక పాత్రికేయ పరీక్షలు పూర్తిచేయలేదు.

నవంబరు 9 రాత్రి న్యూస్‌నైట్ తన తప్పును తానే ప్రధాన వార్తగా లైవ్‌లో చెప్పుకుంది. ఆ రోజు యాంకర్ ఎడ్డీ మెయిర్. చివర్లో వీడ్కోలు చెబుతూ, కార్యక్రమం సోమవారం మళ్లీ వస్తుందన్నాడు. ఒక్క క్షణం ఆగి 'బహుశా' అని చేర్చాడు. అంత పెద్ద కుదుపులోనూ నిజాయితీగా వినిపించిన మాట అదొక్కటే కావచ్చు.

మనకూ ఇలాంటి చేదు జ్ఞాపకం ఒకటుంది. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి మరణానికి దారితీసిన హెలికాప్టర్ ప్రమాదం వెనక ఒక వ్యాపార సంస్థ హస్తముందన్న విదేశీ వెబ్‌సైట్ రాతను 2010 జనవరి 7న తెలుగు టీవీ తెర మీదికి తెచ్చారు. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో ఆ సంస్థ దుకాణాల మీద దాడులు జరిగాయి. పాత్రికేయులు అరెస్టయ్యారు. ఇంగ్లండ్‌లో పరువు పోయింది, ఇక్కడ అద్దాలు పగిలాయి. రెండుచోట్లా వదిలేసిన మెట్టు ఒకటే: అడగడం, సరిచూడటం.

54 రోజులు, 4,50,000 పౌండ్లు

బీబీసీ డైరెక్టర్ జనరల్‌గా జార్జ్ ఎంట్విసిల్ 2012 సెప్టెంబరు 17న కుర్చీ ఎక్కారు. ఆయన న్యూస్‌నైట్‌కు బయటివాడు కాదు. 2001 నుంచి 2004 దాకా దాని ఎడిటర్. సావిల్ కథనం నలుగుతున్న 2011 డిసెంబరు 2న ఒక అవార్డుల విందులో వార్తా విభాగాధిపతి హెలెన్ బోడెన్ ఆ సంగతి ఆయన చెవిన వేశారు. సంభాషణ సుమారు పది సెకన్లు. అప్పుడాయన టీవీ కార్యక్రమాల అధిపతి, సావిల్ నివాళులు ఆయన విభాగానివే. వివరం అడిగితే జోక్యం చేసుకున్నట్టవుతుందని అడగలేదన్నారు.

2012 నవంబరు 10 ఉదయం బీబీసీ రేడియోలో జాన్ హంఫ్రీస్ ఆయన్ని లైవ్‌లో ప్రశ్నించాడు. నవంబరు 2 నాటి కార్యక్రమం ముందే తెలుసా? తెలియదు. ఆ రాత్రి చూశారా? లేదు, బయట ఉన్నాను. పొరపాటు జరిగిందని వచ్చిన పత్రికా కథనం చదివారా? లేదు. ఒకప్పటి న్యూస్‌నైట్ ఎడిటర్ న్యూస్‌నైట్ తరహా ప్రశ్నల కింద నలిగిపోయారు. ఆ రాత్రే రాజీనామా చేశారు. పదవిలో ఉన్నది 54 రోజులు. కథనం ప్రసారమై ఎనిమిది రోజులు.

అసలు రభస ఆ తర్వాత మొదలైంది. ఒప్పందం ప్రకారం ఆయనకు దక్కాల్సింది ఆరు నెలల జీతం, 2,25,000 పౌండ్లు. ఇచ్చింది ఏడాది జీతం, 4,50,000 పౌండ్లు. అప్పటి లెక్కలో దాదాపు నాలుగు కోట్ల రూపాయలు. పదవిలో ఉన్న రోజులతో భాగిస్తే రోజుకు 8,333 పౌండ్లు. ఇది ఎవరి డబ్బు? బ్రిటన్‌లో టీవీ ప్రసారాలు చూసే ఇళ్లు సాధారణంగా బీబీసీ కోసం ఏటా లైసెన్సు రుసుము కట్టాలి. అప్పుడది 145.50 పౌండ్లు. అంటే సుమారు 3,093 ఇళ్లు ఏడాదంతా కట్టిన డబ్బు ఒక్కరి వీడ్కోలుకు సరిపోయింది. పార్లమెంటరీ కమిటీ మండిపడింది.

మెకల్పైన్‌కు బీబీసీ చెల్లించిన పరిహారం 1,85,000 పౌండ్లు, ఖర్చులు అదనం. అదే లెక్కన ఇది 1,271 ఇళ్ల రుసుము. ఆ వివాదం నడుస్తుండగానే ఐటీవీ ఉదయపు కార్యక్రమంలో యాంకర్ ఇంటర్నెట్‌లో దొరికిన పేర్ల చీటీని ప్రధాని డేవిడ్ కామెరాన్ చేతికి ఇచ్చాడు. చీటీలోని పేర్లు క్షణకాలం కెమెరాకు చిక్కాయి. ఆ ఛానల్‌కు 1,25,000 పౌండ్లు వదిలాయి. రెండూ కలిపితే 3,10,000 పౌండ్లు, ఒక ఫోన్ కాల్ చేయనందుకు.

7 పదాల నేరం

ఈ కథలో పెద్ద పాఠం టీవీకి కాదు, చేతిలో ఫోన్ ఉన్న అందరికీ. కామన్స్ స్పీకర్ భార్య శాలీ బెర్కో నవంబరు 4న ఒక ట్వీట్ పెట్టారు. లార్డ్ మెకల్పైన్ పేరు ఎందుకు ట్రెండవుతోందని ఒక ప్రశ్న, దాని పక్కన అమాయకపు మొహం అన్న మాట. ఇంగ్లిషులో మొత్తం ఏడు పదాలు. ఆరోపణ లేదు, నేరం పేరు లేదు. 2013 మే 24న హైకోర్టు న్యాయమూర్తి టుగెండ్‌హాట్ అది పరువునష్టమేనని తీర్పు చెప్పారు. ఆ రోజుల్లో ఆ ట్వీట్ చదివినవాళ్లకు ఆ 'అమాయకపు మొహం' ఏమంటోందో తెలుసు కదా అన్నది తర్కం.

అయిదు వందలలోపు ఫాలోవర్లున్న మామూలు జనం మీద మెకల్పైన్ కేసులు పెట్టలేదు. పిల్లల సహాయ నిధికి 25 పౌండ్లు ఇవ్వమని అడిగి వదిలేశారు. వాట్సాప్ గ్రూపుల్లో 'నిజమో కాదో తెలీదు, వచ్చింది పంపుతున్నా' అని ఫార్వర్డ్ చేసే మనవాళ్లు ఈ తీర్పును ఒకసారి గుర్తుచేసుకోవడం మంచిది. తెలియదని రాసినంత మాత్రాన బాధ్యత తీరిపోదు.

4 రోజులు: లైవ్ కాని విజయం

ఏడేళ్లు గడిచాయి. నిర్మాత సామ్ మెకలిస్టర్ ఏడాదికి పైగా మంతనాలు జరిపి ఒక ఇంటర్వ్యూ సాధించింది. 2019 నవంబరు 14న బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో న్యూస్‌నైట్ యాంకర్ ఎమిలీ మెయిట్లిస్ ఎదురుగా రాణి రెండో కొడుకు ఆండ్రూ కూర్చున్నాడు. అమెరికాలో లైంగిక నేరాల్లో దోషిగా తేలిన జెఫ్రీ ఎప్‌స్టీన్‌తో స్నేహం, తన మీద వచ్చిన ఆరోపణలు, అన్నీ అడిగారు. ఆరోపణలను ఆయన ఖండించాడు. ఆరోపణలో చెప్పిన రోజు, 2001 మార్చి 10న, తాను వోకింగ్‌లోని పిజ్జా ఎక్స్‌ప్రెస్‌లో ఉన్నానన్నాడు. ఫాక్‌లాండ్స్ యుద్ధంలో పనిచేసినప్పటి అనుభవం వల్ల అప్పట్లో తనకు చెమట పట్టేది కాదన్నాడు. పీటర్ స్నో ఇసుక మీద బొమ్మలు జరిపిన ఆ యుద్ధమే, మళ్లీ న్యూస్‌నైట్‌లోకి ఇలా వచ్చింది.

16న ప్రసారం. 20న ప్రజా విధుల నుంచి వైదొలగుతున్నట్టు ప్రకటన. నాలుగు రోజులు. 2022లో సైనిక హోదాలు పోయాయి, అమెరికాలో వేసిన సివిల్ దావా రాజీతో ముగిసింది. 2025 అక్టోబరు 30న 'ప్రిన్స్' అన్న మాట కూడా ఆయన పేరు ముందు నుంచి తొలగిస్తున్నట్టు ప్యాలెస్ ప్రకటించింది. దీని మీద 2024లో రెండు చిత్రీకరణలు వచ్చాయి: 'స్కూప్', 'ఎ వెరీ రాయల్ స్కాండల్'.

పాక్స్‌మన్‌లా ఇక్కడెవరూ పన్నెండుసార్లు అడగలేదు. మెయిట్లిస్ గొంతు పెంచలేదు. ఒక ప్రశ్న, దానికి పూర్తి జవాబు వచ్చేదాకా మౌనం. రికార్డు చేసిన ఇంటర్వ్యూ కావడం, తయారీకి సమయం దొరకడం లాభించాయి. ముందే సిద్ధం చేసేది ఏదైనా చెడ్డదని కాదు. ఆ సమయాన్ని సరిచూసుకోవడానికి వాడారా, లేదా అన్నదే తేడా.

అదే మెయిట్లిస్ 2020 మే 26న కార్యక్రమం మొదట్లో చదివిన వ్యాఖ్య మరో దుమారం లేపింది. లాక్‌డౌన్‌లో ప్రధాని సలహాదారు డొమినిక్ కమింగ్స్ లండన్ నుంచి 260 మైళ్ల దూరంలోని డర్హమ్‌కు వెళ్లాడు. ఆయన నిబంధనలు ఉల్లంఘించాడు, దేశానికి ఆ సంగతి కనిపిస్తోంది అన్నట్టు ఆమె మాట్లాడింది. అది నిష్పాక్షికత ప్రమాణాలకు తగినట్టు లేదని మర్నాడే బీబీసీ ప్రకటించింది. చాలామంది ఆమె పక్షం వహించారు, చాలామంది ఫిర్యాదు చేశారు. ఆమె 2022లో సంస్థను వీడింది.

57 నుంచి 23

2023 నవంబరులో బీబీసీ న్యూస్ అధిపతి డెబొరా టర్నెస్ ఒక ప్రకటన చేశారు. న్యూస్‌నైట్‌ను అరగంటకు కుదిస్తారు, చర్చలు, ఇంటర్వ్యూలకే పరిమితం చేస్తారు. సొంత పరిశోధన బృందం ఉండదు. సిబ్బంది 57 నుంచి 23కి, అంటే ప్రతి ఐదుగురిలో ముగ్గురు ఉండరు. 2024 మే చివర్లో కొత్త రూపం మొదలైంది.

కారణం డబ్బే. జనం లైవ్ టీవీ వదిలి ఫోన్లకు మళ్లారు, డబ్బూ అటే మళ్లింది. మన దగ్గర బీబీసీ తెలుగు 2017 అక్టోబరు 2న మొదలైంది, వెబ్‌లో, వీడియోల్లో. దానికి రాత్రి పదిన్నర స్లాటు అవసరం లేదు. కాలం తీరు అది. కానీ 1980లో ఏ రెండు భవనాల మధ్య గోడ పగలగొట్టి న్యూస్‌నైట్ పుట్టిందో, ఆ గోడ 2024లో మళ్లీ లేచింది. మాట్లాడేవాళ్లు మిగిలారు. నెలల తరబడి తవ్వేవాళ్లు వేరే చోటికో, బయటికో వెళ్లారు. మన ఛానళ్లకు ఈ నమూనా కొత్త కాదు. కెమెరా పంపడం కంటే నలుగురిని కూర్చోబెట్టి వాదించమనడం చౌక.

కుదింపుతో తప్పులు తగ్గుతాయా? పరిశోధన చేయకపోతే మెకల్పైన్ లాంటి పొరపాటు జరగదు, నిజమే. సావిల్ లాంటి కథ కూడా రాదు.

ఆఖరి లెక్క: లైవ్‌లో వచ్చిన జవాబు

2025 నవంబరు 9న బీబీసీ డైరెక్టర్ జనరల్ టిమ్ డేవీ, ఆయనతోపాటు డెబొరా టర్నెస్ రాజీనామా ప్రకటించారు. 2021 జనవరి 6న డొనాల్డ్ ట్రంప్ చేసిన ప్రసంగంలో 50 నిమిషాలకు పైగా ఎడంగా ఉన్న రెండు ముక్కలను బీబీసీ 'పనోరమా' కార్యక్రమం ఒకే వాక్యంలా అతికించిందన్నది గొడవ. 2012 నవంబరులో ఎంట్విసిల్ వెళ్లిపోగానే తాత్కాలికంగా ఆ కుర్చీలో కూర్చున్నది ఈ డేవీయే. పదమూడేళ్లకు ఒక్క రోజు తక్కువ.

ఆ వారంలోనే మరో సంగతి బయటపడింది. ట్రంప్ ప్రసంగాన్ని అలాగే అతికించిన ముక్కను న్యూస్‌నైట్ 2022 జూన్‌లోనే వేసింది. ఆ రాత్రి స్టూడియోతో లైవ్‌లో ఉన్న అతిథి, ట్రంప్ మాజీ అధికారి మిక్ మల్వేనీ అక్కడికక్కడే అన్నాడు: మీరు వేసిన వీడియోలో వేర్వేరు చోట్ల మాటలు కలిపారు అని. చర్చ ముందుకు సాగిపోయింది.

లైవ్ అంటే భయపడతారు, ఏ మాట జారుతుందోనని. కానీ ఈ లెక్కలన్నీ కూడితే కనిపించేది వేరు. ఫొటో చూపించకపోవడం, ఫోన్ చేయకపోవడం, ఆడవాళ్ల మాట చాలదనుకోవడం, ముక్కలు అతికించడం, అన్నీ లైవ్ మొదలైందని చెప్పే ఎర్ర లైటు వెలగకముందే జరిగాయి. ఎర్ర లైటు వెలిగాక, 2022లో ఒకసారి తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించినవాడు కూడా దొరికాడు. ఆ రాత్రి న్యూస్‌నైట్ వేయాల్సింది పన్నెండు ప్రశ్నలు కాదు. 'ఎక్కడ కలిపాం?' అని ఒక్కటే.